సుధామణి గారి సోమవారం ఫోను

1976వ సంవత్సరం జూలై 12వ తేదీ, సోమవారం ఉదయం పదిన్నర గంటలకు, కృష్ణాతీర విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో జూనియర్ అసిస్టెంటుగా కుమారి సుధామణి హాజరుపట్టీలో తొలి సంతకం చేశారు. 2009వ సంవత్సరం ఆగస్టు 31వ తేదీ సాయంత్రం ఐదు గంటలకు, డిప్యూటీ రిజిస్ట్రార్ హోదాలో, వెబ్ విభాగాధిపతిగా, శ్రీమతి సుధామణి గారు అదే విశ్వవిద్యాలయంలో తుది సంతకం చేయబోతున్నారు. ఆ రోజూ సోమవారమే. ముప్ఫై మూడేళ్ల ఈ సుదీర్ఘ సేవాప్రస్థానాన్ని సహోద్యోగుల పక్షాన అక్షరబద్ధం చేసే భాగ్యం ప్రచురణల విభాగాధికారి రామకోటేశ్వరరావుకు దక్కింది.

భాగ్యం అన్నది సంచిక సంఘం వారి మాట. సన్మాన సంచికలో ‘నేను’ అన్న మాట రాకూడదని, వస్తే వ్యాసం సన్మానితుల గురించి కాక రాసినవాడి గురించి అయిపోతుందని కూడా సంఘం వారే నియమం పెట్టారు. కాబట్టి రామకోటేశ్వరరావు తన ప్రసక్తి వచ్చిన ప్రతిచోటా తనను పేరు పెట్టే పిలుచుకుంటాడు. ఆలోచిస్తే అది అతనికి కలిసొచ్చిన నియమమే. తన గురించి తాను చెప్పుకోవలసి వస్తే దాచేవాడు. ఎవరో రామకోటేశ్వరరావు గురించి అయితే దాచవలసిన పని లేదు. ఆ రామకోటేశ్వరరావు సుధామణి గారిని చూసి పన్నెండేళ్లుగా అసూయపడుతున్నాడు. సభల్లో మెచ్చుకోలుకు పర్యాయపదంగా వాడే తియ్యటి అసూయ కాదు. తిన్న అన్నం ఒంటబట్టనివ్వని అసలు సిసలు కడుపుమంట. సంచికకు సంపాదకుడు కూడా అతడే కనుక ఈ వాక్యాన్ని కొట్టివేసేవారు లేరు.

సుధామణి గారు కంకిపాడు రైతు వెంకటప్పయ్య గారి రెండవ కుమార్తె. తండ్రి సైకిలు వెనుక కూర్చుని కాలువగట్ల మీద తిరిగిన బాల్యం, విజయవాడలో డిగ్రీ, ఆపై గ్రంథాలయ శాస్త్రంలో పట్టా వారి విద్యాభ్యాసం. గ్రంథాలయంలో తొలి పదిహేడేళ్లూ వారు చేసిన పని బయటివారి కంటికి ఆనని పని. చెక్క సొరుగుల్లో లక్షా ఇరవై వేల కార్డులు ఉండేవి, ఒక్కో పుస్తకానికి ఒక్కో కార్డు. కార్డు ఉన్నంత మాత్రాన పుస్తకం ఉన్నట్టు కాదన్న అనుమానం అంతవరకు ఎవరికీ రాలేదు. సుధామణి గారు ప్రతి సోమవారం యాభై కార్డులు తీసుకుని బీరువాల మధ్య నడిచి, ఆ యాభై పుస్తకాలూ నిజంగా ఉన్నాయో లేదో కంటితో చూసి వచ్చేవారు. లేని పుస్తకానికి కార్డు ఉండడం అబద్ధంతో సమానమని వారి వాదన. ఆ రోజుల్లో ఆ నడకను చూసి నవ్వుకున్నవారిలో రామకోటేశ్వరరావు ఒకడు.

నవ్వడానికి అతనికి కొంత అధికారం ఉంది. సీనియారిటీ జాబితాలో అతడు సుధామణి గారికంటే నూట పది రోజులు పెద్ద. పైగా అప్పటికే ‘విశ్వవిద్యాలయ దర్శిని’కి కర్త, కర్మ, క్రియ అతడే. నాలుగువందల పన్నెండు పేజీల ఆ వార్షిక గ్రంథంలో కోర్సులు, రుసుములు, పరీక్షల తేదీలు, అధికారుల పేర్లు, చివరికి వసతిగృహాల భోజన వేళలు కూడా ఉండేవి. ప్రతి వేసవిలోనూ అతడు విజయవాడ వన్ టౌన్‌లోని ముద్రణాలయంలో నెల రోజులు మకాం వేసి, ప్రూఫులు నాలుగుసార్లు దిద్ది, ఒక కామా పక్కకు జరిగినా పదహారు పేజీల ఫారం మొత్తం వెనక్కి పంపేవాడు. నీలం అట్ట మీద బంగారు అక్షరాలతో దర్శిని వెలువడిన రోజున ఉపకులపతి గారు తొలి ప్రతిని స్వహస్తాలతో అందుకుని, అధికారుల సమావేశంలో అతడిని తన కుడిపక్క కూర్చోబెట్టుకునేవారు. విశ్వవిద్యాలయం మాట అంటే దర్శినిలో అచ్చయిన మాట, దర్శిని అంటే రామకోటేశ్వరరావు. ఆ కుర్చీ తన జీవితాంతం తనదేనని అతడు నమ్మాడు.

1993లో కంప్యూటర్ శిక్షణకు ఒకరిని ఆరు వారాలపాటు హైదరాబాదు పంపమని ఉత్తర్వు వచ్చింది. సీనియారిటీ ప్రకారం ఆ కాగితం ముందుగా రామకోటేశ్వరరావు బల్ల మీదికే చేరింది. దర్శిని ప్రూఫులు మధ్యలో ఉన్నాయని, టైపు మిషను లాంటి వస్తువు కోసం తనంతటివాడు ఊరు విడిచి వెళ్లనవసరం లేదని అతడు సగౌరవంగా తిరస్కరించి, జాబితాలో తర్వాతి పేరు సూచించాడు. ఆ తర్వాతి పేరు ఎవరిదో ఈ సంచిక అట్ట మీదే ఉంది. గుమ్మంలోకి వచ్చిన లక్ష్మిని కాలదన్నుకోవడం అంటే ఏమిటో అతనికి నాలుగేళ్ల తర్వాత గాని తెలియలేదు.

1997లో విశ్వవిద్యాలయానికి ఒక వెబ్‌సైటు ఉండాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మన పెద్దలలో ఎవరికీ అదేమిటో తెలియదు. తెలియదని ఒప్పుకునే అలవాటూ లేదు. అప్పటి రిజిస్ట్రారు సంజీవరావు గారు, ఎంతో పరిపాలనా దక్షులు, ‘వెబ్‌సైటు ఎన్ని పేజీలు వచ్చింది, బైండింగు చేయించి పంపండి’ అని ఫైలు మీద రాశారు. సుధామణి గారు నవ్వలేదు. ఉన్న అయిదు పేజీలూ అచ్చు తీయించి, ట్యాగు కట్టి, స్వయంగా తీసుకెళ్లి, ఒక్కొక్క పేజీ ఎవరు చదువుతారో ఎందుకు చదువుతారో వారికి వివరించి వచ్చారు. అరగంటలో తిరిగి వస్తారనుకున్న మనిషి రెండు గంటలు రాలేదు. మర్నాడు ఉపకులపతి గారి గది నుండి కూడా పిలుపు వచ్చింది. ఆ రెండు రోజులూ రామకోటేశ్వరరావు వరండాలో ఏదో ఒక పని కల్పించుకుని తిరుగుతూనే ఉన్నాడు.

పెద్దలకు పాఠం చెప్పడం కత్తిమీద సాము. తెలియదనకూడదు, తెలిసినట్టు వదిలెయ్యకూడదు. నగరం నుండి వచ్చే కంపెనీలవారు గంటసేపు పరిభాష కురిపిస్తే మన అధికారులు తలలూపి టీ ఇప్పించి పంపేవారు. వారు వెళ్లాక అది కంప్యూటరువాళ్ల వ్యవహారం అని చేతులు దులుపుకునేవారు. సుధామణి గారు యంత్రం జోలికే పోలేదు. ఒక సమావేశంలో ఉపకులపతి గారు, ఈ వయసులో మమ్మల్ని ఇవన్నీ నేర్చుకోమంటారా అని కాస్త విసుగ్గానే అడిగినప్పుడు వారు ఇచ్చిన సమాధానం రామకోటేశ్వరరావుకు ఈనాటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, గుర్తుండకపోతే బాగుండునని అతడు ఎన్నోసార్లు కోరుకున్నా.

“బ్యారేజీ మీద కూర్చున్న ఇంజనీరు గారు మా పొలంలోకి దిగి మడవ కట్టరండీ. ఏ కాలువకి ఎప్పుడు నీళ్లు వదలాలో, ఎవరు కాపలా ఉండాలో చెప్తారు. అంతే మీరు చెయ్యాల్సింది. కాకపోతే బ్యారేజీ దగ్గర నిండుగా ఉన్నాయి గదా అని మురిసిపోతే కుదరదు. శివారు పొలానికి అందినియ్యా లేదా అన్నది ఎవరో ఒకరు వెళ్లి చూసి రావాలి.”

గదిలో అందరూ కృష్ణా కాలువల నీళ్లతో పెరిగినవారే. ఆ ఒక్క మాటతో రెండేళ్లుగా అర్థం కాని వ్యవహారం అందరికీ అర్థమైపోయింది. ఉపకులపతి గారు ‘ఇటు రండమ్మా’ అని తన కుడిపక్క కుర్చీ చూపించారు. అది ఖాళీగా లేదు. అందులో రామకోటేశ్వరరావు ఉన్నాడు. అతడు లేచి, చిరునవ్వు నవ్వి, రెండు కుర్చీలు అవతలికి జరిగాడు. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవారు ఊరికే అనలేదు. ఆ చెవుల బాధ ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ రాయలేదు, కనుక ఇక్కడ రాయవలసి వస్తోంది. ఎదుటివారి ప్రతిభ తెలియక పుట్టేది కాదు ఆ బాధ, బాగా తెలిసి పుట్టేది. ఆ మాట తనకు తట్టి ఉండవలసిందని, తనకూ అదే నీళ్లు తాగిన నాలుక ఉందని అతడు ఇంటికి వెళ్లేదాకా అనుకుంటూనే ఉన్నాడు.

ఆ రోజుల్లోనే లక్ష సందర్శకుల ఉత్సవం కూడా జరిగింది. వెబ్‌సైటు మొదటి పేజీ అడుగున ఎందరు చూశారో చూపే చిన్న గడి ఒకటి ఉండేది. అది లక్ష దాటిన రోజున లడ్డూలు పంచారు, పత్రికలకు ప్రకటన వెళ్లింది. ప్రకటన రాసింది రామకోటేశ్వరరావే. వారం తిరక్కుండా సుధామణి గారు ఉపకులపతి గారికి ఒక కాగితం సమర్పించారు. లక్షలో అరవై వేలకు పైగా మన భవనంలోంచి వచ్చినవేనట. సంజీవరావు గారి గదిలో అటెండరు మాణిక్యం రోజూ పొద్దున్నే కంప్యూటరుకు అగరొత్తి వెలిగించి, అయ్యగారు రాగానే పెద్ద అంకె కనబడాలని, మొదటి పేజీని నూటెనిమిది సార్లు తెరిచి మూసేవాడు. మాణిక్యాన్ని ఎవరూ ఏమీ అనలేదు. సుధామణి గారే అననివ్వలేదు. గడిని మాత్రం తీయించేశారు. తాను రాసిన ప్రకటన అబద్ధమైపోయినందుకు రామకోటేశ్వరరావు ఆమె మీద నెల రోజులు కోపంగా ఉన్నాడు.

అతని అసలు బుద్ధి 1999 చివరలో బయటపడింది. వెబ్‌సైటు వంద పేజీలు దాటింది. దర్శిని ప్రతులు మూడువేల నుండి మూడువందలకు తగ్గించారు. విశ్వవిద్యాలయం మాట తన చేతిలోంచి జారిపోతుంటే అతడు చూస్తూ కూర్చోలేక ఒక నియమావళి ప్రతిపాదించాడు. వెబ్‌సైటులో ఏ పేజీ అయినా సంబంధిత విభాగాధికారి అచ్చు ప్రతి మీద పచ్చసిరాతో సంతకం చేస్తే తప్ప పెట్టరాదు, మార్చరాదు, తీయరాదు. పైకి అది బాధ్యతకు సంబంధించిన నియమం. లోపల, సుధామణి గారి చేతులు కట్టివేయాలన్న తహతహ. తన విభాగం పేజీల్లో ప్రతి చిన్న మార్పుకూ ఆమె ఫైలు పట్టుకుని తన గుమ్మంలోకి రావాలని, తాను కళ్లద్దాలు సవరించుకుని ‘అక్కడ పెట్టండి, చూస్తాను’ అనాలని అతని కోరిక. పెద్దలు ఆమోదించారు. విచిత్రంగా సుధామణి గారు కూడా అడ్డు చెప్పలేదు, నియమం మంచిదేనన్నారు. అప్పటి నుండి ‘ముఖ్యమైన తేదీలు’ అన్న పేజీ, దర్శినిలో పరీక్షల పంచాంగం అతనిదే కనుక, రామకోటేశ్వరరావు సంతకం కిందికి వచ్చింది.

వారి సోమవారం ఫోను మొదలైంది అప్పుడే. పదిన్నరకు పందొమ్మిది విభాగాలకూ వరుసగా ఇంటర్‌కమ్ మోగేది. కుశలప్రశ్నలు ఉండవు, ఉపన్యాసం ఉండదు. ‘మీ పేజీ చూశారా అండీ?’ అంతే. చూశానంటే ‘సరేనండీ’ అని పెట్టేసేవారు. గ్రంథాలయంలో యాభై కార్డులతో నడిచిన మనిషి ఇప్పుడు కూర్చున్న చోటు నుండే పందొమ్మిది బీరువాల మధ్య నడుస్తున్నారని రామకోటేశ్వరరావుకు అర్థమైంది. అర్థం కావడం వల్లనే ఒళ్లు మండింది. తనకంటే నూట పది రోజులు చిన్న ఉద్యోగికి తాను వారం వారం సంజాయిషీ చెప్పుకోవడమా? కామా జరిగితే ఫారం వెనక్కి పంపిన మనిషి ఆ పేజీ తెరిచైనా చూడకుండా నాలుగేళ్లపాటు ‘చూశాను’ అన్నాడు. కాగితం మీద లేనిది అతని దృష్టిలో అచ్చు కాదు, అచ్చు కానిదానికి అతడు బాధ్యుడు కాడు.

2004 మార్చి 19, శుక్రవారం. గిలకలదిండి రేవులో చేపల వ్యాపారం చేసుకునే రత్తమ్మ గారు, డిగ్రీ చదివే కూతురు కీర్తనను వెంటబెట్టుకుని, బందరు నుండి బస్సు దిగి, ప్రచురణల విభాగం గుమ్మంలో నిలబడ్డారు. ఆమె చేతిలో బందరు నెట్ సెంటరులో అచ్చు తీసిన కాగితం ఉంది. సప్లిమెంటరీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకునే చివరి తేదీ మార్చి 26 అని అందులో ఉంది. అది క్రిందటి ఏటి తేదీ. ఈ ఏటి గడువు 12వ తేదీతోనే ముగిసింది. కౌంటరులో కుదరదన్నారు.

“ఇది మీ ఆఫీసు కాయితమే గదండీ,” అన్నారు రత్తమ్మ గారు. “ఇందులో ఇరవయ్యారని ఉంది, ఇయ్యాల పందొమ్మిదే. మా పిల్ల చేసిన తప్పేంటో చెప్పండి, నేనే ఎల్లిపోతాను.”

రామకోటేశ్వరరావు కాగితం వంక చూశాడు. అడుగున తన విభాగం పేరు ఉంది. అది వెబ్ వాళ్ల పొరపాటని, పై అంతస్తులో సుధామణి గారిని కలవమని చెప్పి పంపేశాడు. అయిదు నిమిషాలకు ఇంటర్‌కమ్ మోగింది. ఏనాడూ సోమవారం తప్ప మోగని ఫోను శుక్రవారం మోగింది. అదే గొంతు, అదే ప్రశ్న. వెనుక నుండి ఆ పిల్ల ఏడుపు సన్నగా వినబడుతూనే ఉంది. ‘చూశాను’ అన్నాడు రామకోటేశ్వరరావు. అవతల వారు ఆ పిల్లను ‘కూర్చో అమ్మా’ అన్నారు. తర్వాత ‘సరేనండీ’ అని వినబడింది.

వారంలో అలాంటి విద్యార్థులు నలభై ఒక్కమంది తేలారు. పత్రికల్లో వచ్చింది. అత్యవసర సమావేశంలో సంజీవరావు గారు వెబ్‌సైటునే మూసేద్దామన్నారు, తప్పు వెబ్ విభాగానిదేనని ఇంచుమించు అందరూ అన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే ధైర్యం కూడా లేక రామకోటేశ్వరరావు బల్ల మీది కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అతనికి భయంతోపాటు సంతోషం కూడా కలిగింది. ఆ కుడిపక్క కుర్చీ ఖాళీ కాబోతోందని అతనికి అనిపించింది. సుధామణి గారు సంజాయిషీ చెప్పలేదు, ఎవరినీ వేలెత్తి చూపలేదు. పెద్దలందరూ ఒక్క గంట తనతో రావాలని మాత్రం కోరారు.

అలా మన విశ్వవిద్యాలయ చరిత్రలో మొదటిసారి, బహుశా చివరిసారి, ఉపకులపతి, రిజిస్ట్రారు, ముగ్గురు డీన్లు, రామకోటేశ్వరరావు మూడు అంబాసిడర్ కార్లలో బెంజ్ సర్కిల్ దగ్గర జాన్‌బాబు అనే యువకుడు నడిపే ఇంటర్నెట్ సెంటరు ముందు పట్టపగలు దిగారు. చెక్క అరల్లో మోకాళ్లు ఇరికించుకుని ఒక్కొక్కరూ కూర్చున్నారు. సుధామణి గారు ఒక్కొక్కరికీ ఒక చీటీ ఇచ్చారు. ప్రతి చీటీలోనూ ఆ వారం ఏదో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఉంది. జవాబు మన వెబ్‌సైటులో వెతుక్కోవాలి, సహాయం చేసే అటెండరు లేడు. సంజీవరావు గారు అలవాటుగా ‘మాణిక్యం’ అని పిలిచి, జవాబు రాక, తానే మౌసు పట్టుకున్నారు. పావుగంటకు ఒక డీను గారు తన శాఖ పేజీలో అయిదేళ్ల క్రితం రిటైరైన ఆచార్యుడు ఇంకా పాఠాలు చెబుతున్నట్టు కనుక్కున్నారు. ఉపకులపతి గారికి, తమకు ముందు పనిచేసిన ఉపకులపతి గారు 2000 సంవత్సరపు శుభాకాంక్షలు చెబుతూ ఎదురయ్యారు. వారు ఆ ఫొటో వంక చూసి, అప్పటికే కార్యాలయమంతా నానుడిగా మారిన సుధామణి గారి మాటతోనే, ‘శివారుకి నీళ్లు అందలేదు’ అన్నారు.

రామకోటేశ్వరరావు చీటీలో ‘సప్లిమెంటరీ దరఖాస్తుకు చివరి తేదీ ఏది?’ అని ఉంది. అతడు నాలుగేళ్లలో మొదటిసారి తన పేజీ తెరిచాడు. మార్చి 26 అలాగే ఉంది. అంత గొడవ జరిగాక కూడా ఎందుకు మార్చలేదా అని ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే ఎందుకు మార్చలేదో తెలిసింది. పచ్చసిరా సంతకం లేనిదే మార్చరాదు. ఆ నియమం తనదే, ఆ సంతకం తనదే. దిద్దమని ఆమె పంపిన అచ్చు ప్రతి వారం రోజులుగా అతని బల్ల మీద ‘అక్కడ పెట్టండి, చూస్తాను’ అన్న చోటే ఉంది. తాను తీసిన గోతిలో తానే పడడం అనుభవంలోకి రావడానికి అతనికి బెంజ్ సర్కిల్ దాకా రావలసి వచ్చింది.

వెనుక ఉపకులపతి గారు వచ్చి నిలబడ్డారు. “ఇది ఎవరి పేజీ అండీ?” అన్నారు.

సుధామణి గారు పక్కనే ఉన్నారు. వారు రామకోటేశ్వరరావు వంక చూడలేదు; జాన్‌బాబు గోడకు తగిలించిన క్యాలెండరు వంక చూస్తున్నారు. మళ్లీ దక్కబోతున్న కుర్చీ పోతుందని, ఇరవై ఎనిమిదేళ్ల పేరు పోతుందని అతనికి తెలుసు. వెబ్ వాళ్లదని మరోసారి అంటే నమ్మేవారు ఆ గదిలో నలుగురైదుగురు ఉన్నారని కూడా తెలుసు.

“నాదేనండీ,” అన్నాడు. “నేను చూడలేదు.”

ఆ సాయంత్రమే నలభై ఒక్కమందికీ గడువు పొడిగిస్తూ ఉత్తర్వు వెలువడింది. రామకోటేశ్వరరావుకు మెమో వచ్చింది, రావలసిందే. మెమో తీసుకుని మెట్లు దిగుతుంటే సుధామణి గారు ఎదురుపడ్డారు. శుక్రవారం నాడే నిజం తెలిసి కూడా రిజిస్ట్రారు గారికి ఎందుకు చెప్పలేదని అతడు అడిగాడు. అడగడంలో కృతజ్ఞత కంటే దెబ్బలాటే ఎక్కువగా ఉంది.

“చెప్తే మీకు చివాట్లు పడేవి గానీ, పేజీ మారేది కాదు గదండీ,” అన్నారు వారు. “నాకు కావాల్సింది మీ సంతకం.” రెండు మెట్లు ఎక్కి ఆగారు. “అయినా మీరనుకుంటున్నంత మంచిదాన్నేం కాదులెండి. ఆ చీటీ కావాలనే మీకిచ్చాను. మీ దర్శిని చూస్తే నాకెప్పుడూ కుళ్లే. నా పని ఎంత చేసినా రేపటికి చెరిగిపోద్ది. మీది బీరువాలో ఉండిపోద్ది.”

ఇన్నేళ్లూ తనలోనే మండుతున్నదనుకున్న నిప్పు అవతలి వైపు కూడా రాజుకుని ఉందని రామకోటేశ్వరరావుకు అప్పుడు తెలిసింది. తెలిశాక అసూయ పోయిందని రాస్తే సంచికకు నిండుగా ఉంటుంది. పోలేదు. ఆ ఏడే ఉపకులపతి గారు అధ్యక్షులుగా వెబ్ పర్యవేక్షణ సంఘం ఏర్పడింది. మూడు నెలలకోసారి పెద్దలు స్వయంగా చీటీలు తీసి, అటెండరు సహాయం లేకుండా పేజీలు వెతికి చూసే పద్ధతి స్థిరపడింది. ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలవారు వచ్చి చూసి, నేర్చుకుని వెళ్లారు. వచ్చినవారందరూ సుధామణి గారినే అడిగేవారు. 2006లో డిప్యూటీ రిజిస్ట్రార్ పదవి ఒకటే ఖాళీ అయినప్పుడు, నూట పది రోజుల సీనియారిటీని పక్కనబెట్టి అది వారినే వరించింది. ఆ రోజు అభినందించడానికి వెళ్లిన రామకోటేశ్వరరావు పూలగుచ్ఛం ఇచ్చి, తన గదికి తిరిగివచ్చి, తలుపు వేసుకుని కూర్చున్నాడు. ఈ సంగతి ఇంతవరకు అతని భార్య సుబ్బరత్నానికి కూడా తెలియదు.

పచ్చసిరా నియమాన్ని రద్దు చేస్తారని అందరూ అనుకున్నారు. సుధామణి గారు ఉంచమన్నారు. ఒక్క షరతు చేర్చారు: ఏ సంతకమైనా నెల రోజులే చెల్లుతుంది. ప్రతి పేజీ అడుగునా చూసినవారి పేరు, చూసిన తేదీ ఉండాలి. నెల దాటితే మళ్లీ తెరిచి, చదివి, మళ్లీ సంతకం చేయాలి. ఒకసారి చేసిన సంతకం మీద జీవితాంతం కూర్చోవడానికి అలవాటుపడిన కార్యాలయంలో ఇంతకంటే పెద్ద సంస్కరణ ఈ వ్యాసకర్త ఎరగడు. చేతులు కట్టివేయడానికి తాను పేనిన తాడుతో ఆమె తూము తలుపు ఎత్తుకున్నారు. దాన్ని చూసినప్పుడూ అతనికి కళ్లు కుట్టాయి.

కుటుంబ సభ్యులకు కూడా ఒక మాట విన్నవించుకోవాలి. శ్రీ జానకిరామ్ గారూ, సోమవారం ఉదయాల్లో మీ ఇంట్లో ఉప్మా చల్లారిపోవడానికి కారణమైన పందొమ్మిది విభాగాల పక్షాన మీకు క్షమాపణలు. చిరంజీవి హేమా, మీ అమ్మగారి పని ఏమిటని స్నేహితులు అడిగితే కంప్యూటర్లని చెప్పేదానివట. కాదమ్మా. పెద్ద కుర్చీల్లో ఉన్నవారిని చిట్టచివరి పొలం దాకా నడిపించి, అక్కడ నీళ్లు ఉన్నాయో లేదో వారి కళ్లతోనే చూపించడం మీ అమ్మగారి పని. గిలకలదిండి రత్తమ్మ గారి అమ్మాయి కీర్తన ఇప్పుడు అవనిగడ్డలో ఉపాధ్యాయురాలు. ఈ సభకు వస్తానని కబురు పంపింది.

ఈ సంచికను వన్ టౌన్‌లోని అదే ముద్రణాలయంలో, దర్శినికి వాడిన అదే నీలం అట్టతో, అవే బంగారు అక్షరాలతో అచ్చువేయించడం జరిగింది. ప్రూఫులు నాలుగుసార్లు రామకోటేశ్వరరావే దిద్దాడు. చెరిగిపోయే పని ముప్ఫై మూడేళ్లు చేసినవారికి, ఎన్నటికీ చెరగనిది ఒక్కటైనా చేతికివ్వాలని అతని కోరిక. బీరువాలో పెట్టుకోండి సుధామణి గారూ. ఇందులో కూడా మీరు తనను మించిపోయారన్న బాధ అతనికి ఉంటుంది, ఎందుకంటే తన మీద ఇలాంటి సంచిక వచ్చే ఏడాది ఎవరు వేస్తారో అతనికి తెలియదు.

కంకిపాడు కాలువ కింద మీ పొలం పచ్చగా, మీ ఒంట్లో సత్తువ నిండుగా, జానకిరామ్ గారి తోడు నిండు నూరేళ్లుగా, మీ చూపు ఇప్పటి పదును తగ్గకుండా, సకల సౌభాగ్యాలతో వర్ధిల్లాలని పందొమ్మిది విభాగాల ఉద్యోగులమందరం మనసారా ఆకాంక్షిస్తున్నాం. సెప్టెంబరు 7, సోమవారం ఉదయం పదిన్నరకు ఇక్కడ ఫోను మోగదు. రామకోటేశ్వరరావు మాత్రం ఆ వేళకు ఫోను పక్కనే ఉంటాడు. మీ తీరిక వేళ, ఏ సోమవారమైనా, ఇంటి నుండి ఒక్కసారి ఆ ప్రశ్న అడగండి. మీరు అడక్కపోయినా పేజీ తెరిచే ఉంచుతాడు.

*ఈ పేజీని చూసినవారు: రామకోటేశ్వరరావు, ప్రచురణల విభాగం. చూసిన తేదీ: 24 ఆగస్టు 2009, సోమవారం. ఈ సంతకానికి మాత్రం నెల గడువు లేదు.*